కొండ మేకల గుంపు చావుల వెనుక కొత్త వైరస్ ఉందో లేదో ఎలా తేల్చాలి: శవం దగ్గర నుంచి సీక్వెన్స్ దాకా

హిమాలయాల్లోనో మంగోలియాలోనో అడవి మేకలు, గొర్రెలు గుంపులుగా చనిపోయాయని వార్త వచ్చిందంటే చాలు, గన్నవరం వెటర్నరీ కాలేజీ విద్యార్థుల నుంచి, గుంటూరులో బయోటెక్నాలజీ చదివే పిల్లల నుంచి అవే మెసేజ్‌లు: "సార్, అది కొత్త వైరస్ అని ఎలా తేలుస్తారు? మేమూ చేయొచ్చా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అంతా ఒకేచోట పెడుతున్నాను. పీజీ ప్రాజెక్టు పేరుతో లడఖ్, హిమాచల్ వైపు వెళ్లేవాళ్లకూ, వేరేవాళ్లు తెచ్చిన శాంపిల్ మీద ఇక్కడ కూర్చుని పని చేసేవాళ్లకూ ఇద్దరికీ పనికొస్తుంది.

చచ్చిన జంతువులో ఏదో ఒక వైరస్ దొరకడం ఈ రోజుల్లో పెద్ద విషయం కాదు, డబ్బుంటే సీక్వెన్సింగ్ కంపెనీ (జన్యుపదార్థంలోని అక్షరాల వరుస చదివిపెట్టేవాళ్లు) చేసిపెడుతుంది. దాన్ని చంపింది ఆ వైరసేనని చూపించడం దగ్గరే అందరూ బోల్తా పడతారు. కింద నేను సాగదీసి రాసిన చోట్లన్నీ దాని కోసమే.

అసలు మొదలుపెట్టే ముందు

"కొత్త వైరస్" అనేది మీ జాబితాలో చివర ఉండాలి. 2015 మేలో కజకిస్తాన్‌లో సైగా జింకలు 2 లక్షలకు పైగా చనిపోయాయి. కొండ జంతువులు కావు, మైదానాలవి, కానీ పాఠం అందరికీ. విషం అన్నారు, రాకెట్ ఇంధనం అన్నారు, కొత్త వైరస్ అన్నారు. తేలింది పాశ్చురెల్లా మల్టోసిడా, అంటే మన గేదెలకు వానాకాలంలో గొంతువాపు తెచ్చే బ్యాక్టీరియా. గాలిలో తేమ, వేడి మామూలుకంటే పెరిగిన రోజుల్లో అది విజృంభించింది. మరుసటి ఏడాది చివర్లో మంగోలియాలో సైగాలు మళ్లీ చనిపోవడం మొదలైంది, ఈసారి ఐబెక్స్ అనే కొండ మేకలు కూడా. అది వైరసే, కానీ కొత్తది కాదు, మన జీవాలకు వచ్చే పారుడు రోగం, అదే పీపీఆర్. పెంపుడు మందల నుంచి అడవిలోకి ఎక్కింది.

నిజంగా కొత్తదనం ఉన్న కేసు కావాలంటే స్పెయిన్, ఫ్రాన్స్ మధ్య ఉన్న పిరనీస్ పర్వతాలు చూడండి. 2001లో స్పెయిన్‌లోని కాటలోనియా వైపు షామీ అనే కొండ జంతువులు వెంట్రుకలు రాలి, చర్మం నల్లబడి, ఎముకల గూడై చనిపోయాయి. గొర్రెల్లో బోర్డర్ డిసీజ్ తెచ్చే పెస్టివైరస్ కుటుంబంలో కొత్త జన్యురకం బయటపడింది. ఇంకోటి 1993 కాలిఫోర్నియా: జింకల్లో రక్తస్రావంతో చావులు, లక్షణాలు అచ్చం నీలి నాలుక (గొర్రెలకు వచ్చే వైరస్ జబ్బు) లాగే ఉన్నా, అప్పటిదాకా ఎవరికీ తెలియని అడినోవైరస్ అని తేలింది.

కాబట్టి అనుమానించే వరుస ఇది: విషం, బ్యాక్టీరియా, పరాన్నజీవులు, తర్వాత తెలిసిన వైరస్, తర్వాత తెలిసిన వైరస్‌లో కొత్త రకం, ఆ తర్వాతే పూర్తిగా కొత్తది.

కావలసినవి

- అటవీ శాఖ అనుమతి, వెంట ఒక పశువైద్యుడు
- రెండు జతల గ్లవ్స్, ఎన్95 మాస్క్, కళ్లద్దాలు, గమ్ బూట్లు, బ్లీచింగ్ ద్రావణం
- గాజు స్లైడ్లు, స్టెరైల్ కత్తులు (ఒక్కో అవయవానికి ఒకటి)
- 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్, వెడల్పు మూతి డబ్బాలు
- ఆర్‌ఎన్‌ఏ పాడవకుండా కాపాడే ద్రావణం, వైరల్ ట్రాన్స్‌పోర్ట్ మీడియం, స్వాబ్‌లు
- లిక్విడ్ నైట్రోజన్ కంటైనర్. కొనక్కర్లేదు. కృత్రిమ గర్భధారణ కోసం వీర్యం నిల్వ చేసే కంటైనర్లు ఏ రాష్ట్రంలోనైనా పశుసంవర్ధక శాఖ దగ్గర ఉంటాయి, ముందుగా మాట్లాడుకోండి
- పెన్సిల్. నవ్వకండి. మార్కర్‌తో రాసిన లేబుల్ మీద ఆల్కహాల్ పడితే అక్షరాలు చెరిగిపోతాయి, తర్వాత ఏ ట్యూబు ఏ జంతువుదో దేవుడికే తెలియాలి

1. అనుమతులు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం షెడ్యూల్‌లో ఉన్న జంతువు శవాన్ని కూడా మీ ఇష్టానికి ముట్టుకోకూడదు. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. విదేశీ ల్యాబ్‌కు పంపాలనుకుంటే ఆ అనుమతుల గొడవ వేరే, దానికి నెలలు పడుతుంది, కాబట్టి మన దేశంలో అయ్యే పని ఇక్కడే కానివ్వండి. భోపాల్‌లోని హై సెక్యూరిటీ ల్యాబ్, బరేలీ దగ్గర ఇజత్‌నగర్‌లో ఐవీఆర్‌ఐ అనే పశువైద్య పరిశోధన సంస్థలోని వన్యప్రాణి విభాగం, హైదరాబాద్‌లో సీసీఎంబీ వారి వన్యప్రాణి ల్యాబ్ లాకోన్స్, వీటిలో ఎవరు ఏది తీసుకుంటారో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

2. శవాన్ని కోయకముందు చెవి దగ్గర ఆగండి

ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతోందా? పొట్ట బాగా ఉబ్బి, కాళ్లు మాత్రం బిగుసుకోలేదా? దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ అని అనుమానించి కత్తి పక్కన పెట్టండి. ఈ లక్షణాలు లేకపోయినా, హఠాత్తుగా చచ్చిన ప్రతి శవానికీ ముందు చెవి నరం నుంచి ఒక చుక్క రక్తం తీసి స్లైడ్ మీద పల్చగా పూయండి. పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే, దొమ్మ రోగమైతే చివరలు నలుచదరంగా ఉన్న నీలం కడ్డీలు గొలుసులా, చుట్టూ గులాబీ రంగు తొడుగుతో కనిపిస్తాయి. అవి కనిపిస్తే శవం తెరవొద్దు. తెరిస్తే గాలి తగిలి బ్యాక్టీరియా స్పోర్లుగా (ఏళ్లపాటు చావని గట్టి గింజల్లాంటి రూపం) మారుతుంది, ఆ నేల ఏళ్ల తరబడి విషమే. శవాన్ని ఏం చేయాలో అటవీ శాఖ, పశువైద్యులు చూసుకుంటారు.

శవం మీద పేలు, పిడుదులు ఉంటే చేత్తో నలపొద్దు. క్రిమియన్-కాంగో జ్వరం లాంటివి పిడుదుల నుంచి మనుషులకు ఎక్కుతాయి.

3. ముందు నోట్‌బుక్, తర్వాత కత్తి

జీపీఎస్, తేదీ, ఎత్తు, వయసు (కొమ్ముల వలయాలు లెక్కపెట్టండి), ఆడా మగా, ఒళ్లు పట్టి ఉందా చిక్కిపోయిందా, కళ్లలో పుసి, ముక్కు కారడం, విరేచనాల మరకలు, బొచ్చు రాలిన చోట్లు. అన్నీ ఫొటోలు, పక్కన స్కేలు పెట్టి.

ఆ తర్వాత "కేసు" అంటే ఏమిటో రెండు లైన్లలో రాసి పెట్టుకోండి. ఉదాహరణకు, "పలానా లోయలో, ఈ నెలలో, గాయం లేకుండా చనిపోయి, విరేచనాల గుర్తులున్న పెద్ద జంతువు". ఇది రాసుకోకపోతే మంచు చిరుత చంపిందీ, కొండచరియ మీద నుంచి పడిందీ అన్నీ మీ లెక్కలో కలిసిపోయి చివరకు ఏ వైరస్‌కూ పొంతన కుదరదు.

కాపరులతో మాట్లాడండి. ఇది చాలామంది ఎగ్గొడతారు. మన పల్నాడు గొర్రెల కాపరులు మేత కోసం నల్లమలలోకి తోలుకెళ్లినట్టే హిమాచల్‌లో గద్దీ కాపరులు ఎండాకాలం పైకి, చలికాలం కిందికి మందలు తోలతారు. మీ మేకలు ఎప్పుడు పారుకున్నాయి, ఏ సంతలో కొత్తవి కొన్నారు, టీకా ఎప్పుడు వేయించారు, అవి అడవి జంతువులు తాగే నీళ్లే తాగుతాయా? ఈ నాలుగు ప్రశ్నల జవాబు ఒక్కోసారి మొత్తం సీక్వెన్సింగ్ కంటే ఎక్కువ చెబుతుంది.

4. శాంపిళ్లు

ప్లీహం (మటన్ షాపు భాషలో తిల్లి), ఊపిరితిత్తులు, పేగు చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులు, పేగు, కాలేయం, కిడ్నీ, మెదడు, దెబ్బతిన్న చర్మం. కంటి, ముక్కు, మలద్వార స్వాబ్‌లు. బతికున్న రోగి జంతువు దొరికితే రక్తం, సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం). పెద్ద పొట్టలోని మేత కొంచెం, విషం పరీక్షకి.

ప్రతి అవయవం మూడు చోట్లకు వెళ్లాలి: ఒక ముక్క ఫార్మలిన్‌లోకి, ఒకటి ఆర్‌ఎన్‌ఏ ద్రావణంలోకి, ఒకటి ఏ ద్రావణమూ లేకుండా నైట్రోజన్‌లోకి.

ఫార్మలిన్ దగ్గర జరిగే తప్పు ఎప్పుడూ ఒకటే. ప్లీహాన్ని నిమ్మకాయంత ముద్దగా కోసి చిన్న సీసాలో కుక్కేస్తారు. వారం తర్వాత బయటికి తీస్తే పైన గట్టిపడి బూడిద రంగులో బాగానే ఉంటుంది, మధ్యకి కోస్తే ఎర్రగా, జావగా, కుళ్లు వాసన. ఫార్మలిన్ లోపలికి చేరేలోపే కణాలు కుళ్లిపోయాయి. అర సెంటీమీటరు మందం ముక్కలు, వాటికి పదింతల ఫార్మలిన్. ఆ సీసాను ఎప్పుడూ డీప్ ఫ్రీజర్‌లో పెట్టొద్దు, మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి.

చలి ప్రదేశం కదా శవం పాడవదులే అనుకోకండి. బొచ్చు దట్టంగా ఉండి, పొట్టలో మేత పులుస్తూ ఉంటే బయట మంచున్నా లోపల వేడిగానే ఉంటుంది. కుళ్లిన శవమే దొరికితే వదిలేయకండి, ఎముక మజ్జ, చెవి ముక్క తీసుకోండి, పీసీఆర్‌కి (వైరస్ జన్యువు ముక్కను కోట్ల కాపీలు చేసి పట్టే పరీక్ష) పనికిరావొచ్చు.

ఇక అసలైనది. ఆరోగ్యంగా ఉన్న జంతువుల శాంపిల్. అదే లోయలో ప్రమాదంలో చనిపోయినవి, రేడియో కాలర్ కోసం మత్తిచ్చి పట్టుకున్నవి, పాత సీరం నిల్వలు, పక్కనే మేసే పెంపుడు మేకలు, ఏది దొరికితే అది. జబ్బు జంతువులో కనిపించిన వైరస్ ఆరోగ్యంగా ఉన్నవాటిలోనూ అంతే ఉంటే మీ కథ అక్కడే ఆగిపోతుంది. దీన్ని తీసుకోకుండా వచ్చిన ప్రాజెక్టును తర్వాత ఎంత పెద్ద మిషనూ కాపాడలేదు.

కొండకు వెళ్లే ముందు ఇక్కడే చేయి తిప్పుకోండి. మీ మండల పశువుల ఆసుపత్రికి పోస్ట్‌మార్టం కోసం గొర్రె, మేక వస్తుంటాయి, డాక్టరు గారిని అడిగి పక్కన నిలబడి ముక్కలు కోయడం, లేబుల్ రాయడం, గ్లవ్స్ మార్చడం అలవాటు చేసుకోండి. 4 వేల మీటర్ల ఎత్తులో వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు నేర్చుకునే పని కాదు అది.

5. రవాణా

మూడు పొరల ప్యాకింగ్: ట్యూబు, దాని చుట్టూ ద్రవం పీల్చే దూదితో లీకవని డబ్బా, బయట గట్టి పెట్టె. డ్రై ఐస్ వాడితే పెట్టెకు గాలి పోయే దారి ఉండాలి, బిగించేస్తే గ్యాస్ నిండి పేలుతుంది.

విజయవాడ దాకా శాంపిల్ తేవాల్సి వస్తే ఏప్రిల్, మే నెలలు తప్పించండి. స్టేషన్లో పార్సిల్ ఒక పూట ఎండలో పడి ఉంటే చాలు. ల్యాబ్‌లో మైనస్ 80 ఫ్రీజర్‌కు జనరేటర్ బ్యాకప్ ఉందో లేదో చూసుకోండి, కరెంటు పోయి వస్తే మీకు చెప్పేవాళ్లెవరూ ఉండరు. చిన్న చిట్కా: ఫ్రీజర్లో ఒక గ్లాసు నీళ్లు గడ్డకట్టించి దాని మీద రూపాయి బిళ్ల పెట్టండి, బిళ్ల లోపలికి దిగిందంటే మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం.

6. తెలిసినవన్నీ కొట్టేయండి

పీపీఆర్, గాలికుంటు, నీలి నాలుక, మశూచి, లంపీ స్కిన్, పాశ్చురెల్లా, న్యుమోనియా తెచ్చే మైకోప్లాస్మా, చిటుక రోగం. అన్నిటికీ రెడీమేడ్ పరీక్షలున్నాయి. ఇదే సమయంలో ఫార్మలిన్ ముక్కలు పాథాలజిస్టు చేతికి ఇవ్వండి. వారి మాటకు విలువ ఇవ్వండి, ఎందుకంటే ఎటు వెతకాలో చెప్పేది వాళ్లే. ఊపిరితిత్తుల్లో చాలా కేంద్రకాలున్న పెద్ద కణాలు కనిపిస్తే పీపీఆర్ వంశం వైపు, రక్తనాళాల లోపలి పొర కణాల కేంద్రకంలో ముద్దలు కనిపిస్తే అడినోవైరస్ వైపు చూడాలి.

ఎలైసాతో (సీరంలో యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్ష) జాగ్రత్త. గొర్రెలకు తయారుచేసిన కిట్టు ఐబెక్స్‌కు అంతే బాగా పనిచేస్తుందన్న హామీ లేదు. యాంటీబాడీ ఉందంటే ఎప్పుడో వైరస్ తగిలిందనే అర్థం, దానివల్లే చచ్చిందని కాదు. పెంపుడు మేకలో అయితే అది టీకా వల్ల కూడా కావొచ్చు.

7. కుటుంబం మొత్తానికి వేసే వల

పెస్టివైరస్‌లన్నిటినీ, హెర్పిస్‌లన్నిటినీ, పారామిక్సోలన్నిటినీ (పీపీఆర్ వైరస్ కుటుంబం) పట్టే ప్రైమర్లు, అంటే పీసీఆర్‌కు గాలం లాంటి చిన్న డీఎన్‌ఏ ముక్కలు ఉన్నాయి. చవక, త్వరగా అవుతుంది, మన కాలేజీ ల్యాబ్‌లో కూడా చేయొచ్చు. జెల్ మీద బ్యాండ్ (గీత) వస్తే సాంగర్ సీక్వెన్సింగ్‌కు, అంటే ఆ ఒక్క ముక్కనే చదివే పద్ధతికి పంపండి. బ్యాండ్ రాకపోతే ఆ కుటుంబం లేదని కాదు, మీ ప్రైమర్‌కు దొరకలేదని మాత్రమే. అక్కడ ఎక్కువ కాలం తచ్చాడకుండా తర్వాతి మెట్టుకు వెళ్లండి.

8. మెటాజీనోమిక్ సీక్వెన్సింగ్

అంటే శాంపిల్‌లో ఉన్న జన్యుపదార్థం మొత్తాన్నీ ఒకేసారి చదివించడం. ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ రెండూ చేయించండి. ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే చేయించి, డీఎన్‌ఏ వైరస్ అయిన అడినోవైరస్‌ను జారవిడుచుకోవద్దు. జబ్బు జంతువులతో పాటు ఆరోగ్యంగా ఉన్నవాటివి, ఇంకా ఖాళీ నీళ్లతో చేసిన ఎక్స్‌ట్రాక్షన్ (జన్యుపదార్థం వేరుచేయడం) ఒకటి, అన్నీ ఒకే బ్యాచ్‌లో. ఖాళీ నీళ్లకు ఎందుకు సార్ డబ్బు దండగ అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. 2013లో కొందరు కాలేయ రోగుల్లో దొరికిందనుకున్న కొత్త వైరస్, తర్వాత చూస్తే ఎక్స్‌ట్రాక్షన్ కిట్లలోని సిలికా కాలమ్‌లలోంచి వచ్చింది. ఆ నీళ్ల ట్యూబే మీకు అలాంటి పరువు నష్టాన్ని తప్పిస్తుంది.

డేటా వచ్చాక ముందు జంతువు సొంత సీక్వెన్సులను తీసేయండి (ఐబెక్స్ జీనోమ్ లేకపోతే మేకది వాడండి), మిగిలిన ముక్కలు అసెంబుల్ చేసి (ఒకదానికొకటి అతికించి) ప్రోటీన్ స్థాయిలో పోల్చండి. న్యూక్లియోటైడ్ (జన్యు అక్షరాల) స్థాయిలో మాత్రమే పోలిస్తే దూరపు బంధువు దొరకడు. "వైరస్ దొరికింది" అని గ్రూపులో పెట్టే ముందు వీటిని చూసుకోండి:

- మీ వైరస్ జీనోమ్ సుమారు 5,386 అక్షరాలా? అది ఫై-ఎక్స్ 174 అనే, బ్యాక్టీరియాకు పట్టే వైరస్. ఇల్యుమినా సీక్వెన్సింగ్ మిషన్ రన్‌లో కంట్రోల్‌గా వాళ్లే కలుపుతారు.
- రెట్రోవైరస్ వచ్చిందా? గొర్రెలు, మేకల జీనోమ్‌లోనే వాటి పాత కాపీలు ఇరుక్కుని ఉంటాయి.
- పేగు శాంపిల్‌లో వందల వైరస్‌లా? ఎక్కువ భాగం బ్యాక్టీరియాకు పట్టే ఫేజ్‌లు, మేతతో వచ్చిన మొక్కల వైరస్‌లు.
- ఒక శాంపిల్‌లో ఒకే వైరస్‌వి లక్ష రీడ్లు (మిషన్ చదివిన చిన్న ముక్కలు), పక్క శాంపిల్‌లో ఐదారు రీడ్లా? ఆ ఐదారు పక్కింటి నుంచి దూకినవి అయ్యుండొచ్చు.
- పీపీఆర్ లాంటి మార్బిల్లివైరస్ పూర్తి జీనోమ్ వచ్చిందనుకుంటే పొడవును 6తో భాగించండి. పీపీఆర్ వైరస్ 15,948 అక్షరాలు, 6తో తెగుతుంది; చైనాలో దొరికిన కొన్ని రకాలు 15,954, అవీ తెగుతాయి. మీది తెగకపోతే అసెంబ్లీలో ఎక్కడో ఒక అక్షరం ఎక్కువో తక్కువో అయింది.

చివరికి నిలబడిన సీక్వెన్స్‌కు రెండు వేర్వేరు చోట్ల ప్రైమర్లు గీసి, మొదటి టిష్యూ నుంచి మళ్లీ కొత్తగా ఆర్‌ఎన్‌ఏ తీసి పీసీఆర్ చేయండి. లైబ్రరీ (సీక్వెన్సింగ్ కోసం ముందే తయారుచేసిన ద్రావణం) నుంచి చేస్తే పాత తప్పునే మళ్లీ అచ్చేసినట్టు.

9. కల్చర్, అందులోని దొంగ

వైరస్‌ను కణాల్లో పెంచడం ఇంకా అవసరమే. కానీ తగిన భద్రత ఉన్న ల్యాబ్‌లోనే, మామూలు కాలేజీ ల్యాబ్‌లో తెలియని వైరస్‌ను పెంచే సాహసం వద్దు. పెస్టివైరస్ వెతుకుతున్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోండి. కణాలు పెంచడానికి పోసే దూడ పిండం సీరంలో ఆవుల పెస్టివైరస్‌లు ఉండటం పాత సమస్య. కణాలకేమీ కాదు, పైకి ఏ తేడా కనపడదు, పీసీఆర్ మాత్రం పాజిటివ్. సీరం బాటిల్‌నీ, ఏమీ కలపని కణాలనీ అదే పీసీఆర్‌తో పరీక్షించి, అవి నెగెటివ్ అని తేలాకే మీ ఐసొలేట్‌ను (కణాల్లో పెంచి వేరుచేసిన వైరస్‌ను) నమ్మండి.

10. ఇదే చంపిందా?

నాలుగు చూడండి. ఒకటి, మీ కేసు నిర్వచనంలోకి వచ్చిన జంతువుల్లో ఉండి, ఆరోగ్యంగా ఉన్నవాటిలో లేకపోవాలి, లేదా చాలా తక్కువ ఉండాలి. రెండు, వైరస్ ఉన్న చోటే దెబ్బ ఉండాలి: ఫార్మలిన్ ముక్కల మీద ఇన్-సైటు హైబ్రిడైజేషన్ చేస్తే వైరస్ ఏ కణంలో కూర్చుందో రంగుతో కనిపిస్తుంది. మూడు, బతికి బయటపడ్డవాటిలో దానికి యాంటీబాడీలు పెరగాలి, చావులకు ముందటి పాత సీరంలో అవి లేకపోతే ఇంకా బలం. నాలుగోది ఆరోగ్యంగా ఉన్న జంతువుకు ఎక్కించి జబ్బు వస్తుందేమో చూడటం. పిరనీస్ షామీల్లో అది చేసి చూపించారు. అంతరించిపోతున్న జంతువుల్లో అది కుదరదు, మొదటి మూడింటినే గట్టిగా కట్టుకోవాలి.

వైరస్ కనిపించినా చంపింది ఇంకొకటి కావొచ్చు. పీపీఆర్, పెస్టివైరస్ రెండూ ఒంటి రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తాయి, ఆ తలుపులోంచి బ్యాక్టీరియా దూరి న్యుమోనియాతో పని ముగిస్తుంది. అలాంటప్పుడు రిపోర్టులో రెండూ రాయండి, ఒకటి దాచిపెట్టి కథను అందంగా చేయకండి.

11. "కొత్తది" అని ఎప్పుడు అనాలి

సీక్వెన్స్‌లో ఇంత శాతం తేడా ఉంటే కొత్తది అనే ఒకే గీత అన్ని కుటుంబాలకూ వర్తించదు. ఆ కుటుంబానికి అంతర్జాతీయ వైరస్ వర్గీకరణ కమిటీ పెట్టిన ప్రమాణం చూడండి, పూర్తి జీనోమ్ ఉంటేనే పోల్చండి. చిన్న పీసీఆర్ ముక్క ఒకదానితో కొత్త జాతి అనేయకండి. చాలాసార్లు మీకు దొరికేది కొత్త జన్యురకం, అది కూడా తక్కువ విషయమేం కాదు.

తరచూ అడిగేవి

*బీఎస్సీ చదువుతున్నాను, నేను చేయగలనా?* ఫీల్డు, కల్చర్ వద్దు. డేటా విశ్లేషణ చేయొచ్చు. సీక్వెన్స్ డేటాబేసుల్లో ఉచితంగా దొరికే పాత రన్ ఒకటి దించుకుని 8వ మెట్టు మొత్తం దాని మీద చేసి చూడండి, ఫై-ఎక్స్ మీకే ఎదురవుతుంది.

*సీక్వెన్సింగ్‌కి డబ్బు లేదు.* 6, 7 మెట్లు సరిగ్గా చేయండి, శాంపిళ్లు జాగ్రత్తగా దాచండి. మంచి శాంపిల్ ఉంటే ఎవరో ఒకరు కలిసి పనిచేయడానికి వస్తారు.

*పీపీఆర్ అనుమానం వస్తే ముందు ఎవరికి చెప్పాలి?* పేపర్ రాసుకుంటూ కూర్చోకుండా అక్కడి పశుసంవర్ధక శాఖకు, అటవీ శాఖకు అదే రోజు. చుట్టుపక్కల మందలకు టీకా వేయాల్సింది వాళ్లు, పైగా ఈ రోగాన్ని 2030 నాటికి ప్రపంచం నుంచి తుడిచేయాలన్న కార్యక్రమం నడుస్తోంది, ప్రతి కేసూ లెక్కలోకి రావాలి. భోపాల్ నుంచి రెండో నిర్ధారణ వచ్చేదాకా మీడియాకు మాత్రం పేరు చెప్పొద్దు.